దీర్ఘాలు తీయరాదు

తెలుగునాట పుట్టిన పిల్లకి పళ్ళు రాకముందే ఒక ప్రశ్న వస్తుంది. "నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" చుట్టం చెప్పులు విప్పుతూ అడుగుతాడు. పక్కింటావిడ కరివేపాకు కోసుకుంటూ అడుగుతుంది. సూది వేసే నర్సు, రైల్లో ఎదురు సీటాయన, ఎవరూ తక్కువ తినలేదు. వీళ్ళలో ఒక్కరికీ జవాబు అక్కర్లేదు, పిల్ల తికమక చూస్తూ కాసేపు కాలక్షేపం కావాలంతే. తరతరాలుగా ఈ ప్రశ్న వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కోటిలంకలో మాత్రం అయింది.

కోటిలంక మెయిన్ రోడ్డులో సూరిబాబుకి టిఫిన్ హోటల్ ఉంది. భార్య భవాని అదే రోడ్డు చివర చీరల కొట్టులో పనిచేస్తుంది. ఇద్దరికీ ఏడాదిగా పడటం లేదు. ఎందుకని ఊళ్ళో వాకబు చేస్తే నాలుగు కారణాలు చెప్పారు. వాళ్ళిద్దరినీ అడిగితే ఇంకో నాలుగు తేలాయి. విడాకులకైతే ఇద్దరూ సిద్ధమే, పేచీ అంతా కూతురు జాహ్నవి దగ్గర, ముద్దుగా జానూ. మూడో తరగతి చదివే ఆ పిల్లని నాకివ్వమంటే నాకివ్వమని ఇద్దరూ కుటుంబ న్యాయస్థానంలో కూర్చున్నారు. కేసు తేలేవరకు పిల్ల తల్లి దగ్గర ఉండాలనీ, ఆదివారాలు తండ్రి దగ్గరికి పంపాలనీ జడ్జి గారు చెప్పారు. సూరిబాబుకి అప్పట్నుంచీ వారంలో ఒకటే రోజు. మిగతావన్నీ దానికోసం గడపాల్సినవి.

ఆ మధ్య బంధువులింట్లో పుట్టువెంట్రుకల వేడుక జరిగింది. ఇద్దరూ వెళ్ళి చెరో మూల కూర్చున్నారు. ఒక పెద్దమ్మ గారు జానూని ఒళ్ళోకి లాక్కుని, బుగ్గ గిల్లి, పందిరంతా వినేలా ఆ ప్రశ్న అడిగేసింది. మాటలాగిపోయాయి. ఆ మూల నుంచి తల్లి, ఈ మూల నుంచి తండ్రి మెడలు చాచారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జానూ ఒళ్ళోంచి జారి, స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. భోజనాలయ్యేదాకా బయటికి రాలేదు. మెడ చాచినందుకు సూరిబాబు చాలా రోజులు సిగ్గుపడ్డాడు. సిగ్గయితే పడ్డాడు గానీ, ఆ జవాబేమిటో వినాలన్న దుగ్ధ మాత్రం పోలేదు.

సంగతి జడ్జి అనసూయాదేవి గారి చెవిన పడింది. "ఇకమీదట ఈ పిల్లని ఎవ్వరూ ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు. సంబంధిత విభాగం వారు చూసుకోండి" అన్నారావిడ. బంగారం లాంటి మాట. అది కోర్టు హాల్లోనే ఆగి ఉంటే బాగుండేది, ఆఫీసుకి వెళ్ళింది.

ఆ ఆఫీసు పేరు బాల మనోక్లేశ నివారణ విభాగం. దానికి బోర్డుంది, జీపుంది, అధికారిగా త్రిలోచనరావు గారున్నారు. లేనిదల్లా పని. క్లేశపడే పిల్లలు అర్జీలు పెట్టరు, అర్జీ లేనిదే విభాగం కదలదు. త్రిలోచనరావు గారు పూర్వాశ్రమంలో భాషాప్రవీణ చదివి, గెజిట్ అనువాదాలు చేసి, పదోన్నతి మీద పిల్లల్లోకి వచ్చారు. కోర్టు ఆదేశం అందగానే ఆయన తలుపులు మూసుకుని ఆ ప్రశ్నని వ్యాకరణ రీత్యా పరిశీలించారు. తల్లిలో దోషం లేదు. తండ్రిలోనూ లేదు. "ఇష్టమా, ఇష్టమా" అన్నచోట చివర సాగుతున్న ఆ దీర్ఘంలో ఉంది దోషమంతా! ఎద్దు ఈనిందంటే దూడను కట్టేసే రకం కాదాయన, దూడకి మేతకూ నీళ్ళకూ కూడా ఏర్పాటు చేసే రకం. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది.

"సదరు బాలిక వినికిడి పరిధిలో, రెండు ప్రత్యామ్నాయములను ప్రశ్నార్థక దీర్ఘములతో జతపరచి ఎవ్వరును పలుకరాదు. ఒంటి దీర్ఘమునకు ప్రస్తుతము అభ్యంతరము లేదు. జంట దీర్ఘము నిషిద్ధము. ఉల్లంఘించిన పక్షమున తల్లిదండ్రులకు బాలికను చూచు అవకాశము రద్దగును."

ఆఖరి వాక్యం సూరిబాబు రెండుసార్లు చదివాడు. ఉన్నది ఒక్క ఆదివారం.

ఆ ఆదివారం జానూ హోటల్‌కి వచ్చింది. వెనకే త్రిలోచనరావు గారు వచ్చారు, మెడలో విభాగం మంజూరు చేసిన ఈలతో. కూతుర్ని చూసిన సంబరంలో సూరిబాబు ఉత్తర్వూ గిత్తర్వూ మర్చిపోయాడు.

"రా తల్లీ, రా! ఇడ్లీ తింటావా, అట్టు వెయ్యనా?"

ఈల మోగింది. వంటమనిషి చేతిలో గరిటె జారి సాంబారులో పడింది.

"అదేంటండీ బాబూ! టిఫిన్ గురించే కదండీ అడిగింది!"

"పైకి టిఫినే, సూరిబాబు గారూ. అంతరార్థము గమనించుడు" అన్నారు త్రిలోచనరావు గారు, బల్ల ముందు స్థిరపడుతూ. "ఇడ్లీ తెల్లనిది, మెత్తనిది, ఆవిరిపై ఓర్పుతో ఉడుకునట్టిది. అనగా మాతృస్వరూపము. అట్టు పెనముపై చిర్రుమను స్వభావము గలది. ఇప్పుడు చెప్పుడు, తమరు బాలికను ఏమి అడుగుచున్నట్లు?"

సూరిబాబు పెనం మీది అట్టు వైపు చూశాడు. తన పోలికలేవీ కనిపించలేదు. జానూ మాత్రం ఇడ్లీ పాత్ర వంకా పెనం వంకా అదోలా చూసింది. అప్పటిదాకా ఆ పిల్లకి అవి టిఫిన్లే.

"మరిప్పుడు ఏం పెట్టమంటారండీ?"

"ఉభయము. సమపాళ్ళలో. తొలి ఉల్లంఘనకు ఈలతో సరి, మలి దానికి రద్దు."

"మరి గిరాకీలండీ? వచ్చినోళ్ళని అడగొద్దాండీ?"

"బాలిక వినుచుండగా వలదు. ఏమున్నవో వరుసగా చదువుటయు ప్రచ్ఛన్న ప్రశ్నయే."

ఆ పూట హోటల్‌కి వచ్చినవాళ్ళందరికీ అన్నీ వడ్డించారు. ఉత్త కాఫీకి వచ్చిన పంతులుగారి ముందు ఇడ్లీ, వడ, అట్టు, పూరీ, ఉప్మా దిగేసరికి, ఎవరిదో తద్దినం అనుకుని ఆయన లేచి చేతులు కడుక్కున్నారు. త్రిలోచనరావు గారు తన వంతు అన్నిటినీ నిష్పక్షపాతంగా ముగించారు.

మర్నాడు సూరిబాబు ఫోన్ మోగింది. భవాని! కోర్టు బయట ఆవిడ గొంతు విని ఏడాదైంది.

"మీ అమ్మాయికి జడెలా వెయ్యాలో ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. చూశారా?"

"నాకు రాలేదే. ఏమైంది?"

"ఒక జడ వెయ్యనా రెండు జడలు వెయ్యనా అన్నానండీ, బడికి టైమైపోతుంటే! వీధిలోంచి ఈల! ఒంటి జడేస్తే ఒంటరి తల్లి గుర్తొస్తుందంట. రెండేస్తే విడిపోయిన సంసారం గుర్తొస్తుందంట."

"మరెలా ఏశావ్?"

"మెడదాకా ఒకటి, అక్కణ్ణుంచి రెండు. చీలిపోయింది. పిల్ల అద్దంలో చూసుకుని, పాము నాలికలా ఉందమ్మా అంది." భవాని గొంతు వణికింది. "నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు నాకు."

సూరిబాబు నవ్వబోయి, మానేసి, "ఏడవకు" అన్నాడు. ఆ మాట కోర్టులో పనికొస్తుందా అని ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చినట్టుంది, ఫోన్లు పెట్టేశారు.

తర్వాత ఉత్తర్వు బడికి చేరింది. ఒక్క పిల్ల చెవులు మూసి మిగతా పిల్లలకి పాఠం చెప్పడం కుదరదు కనుక తరగతి మొత్తానికీ వర్తింపజేశారు. సరైన జవాబు గుర్తించే పరీక్షలు పోయాయి. ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబిచ్చి, అదే సరైనదని కింద రాశారు. తరగతి మొత్తం నూటికి నూరు తెచ్చుకుంది, హెడ్మాస్టరుకి సన్మానం జరిగింది. చిక్కల్లా వేరేచోట వచ్చింది. పిల్లలు వేలెత్తి నిలబడితే టీచరు "ఒంటికా, రెంటికా?" అని అడగాలి కదా? అడగడానికి లేదు. త్రిలోచనరావు గారిని సంప్రదించారు. "ఉభయమునకు సరిపడు వ్యవధి ఇచ్చి పంపవలెను" అని సమాధానం వచ్చింది. అప్పట్నుంచి పిల్లలు తరగతిలో కన్నా పెరట్లోనే ఎక్కువ కనబడసాగారు.

చీరల కొట్టు యజమాని మొదట సంతోషించాడు. బడి వదిలాక జానూ కొట్లోనే కూర్చుంటుంది కనుక ఎర్రదా పచ్చదా అని బేరగాళ్ళని అడిగే వీల్లేదు, రెండూ కట్టి ఇచ్చేయడమే. నెల తిరక్కుండా ఊళ్ళో భార్యాభర్తలు ఆ రెండో చీర మీద కొట్టుకోవడం మొదలెట్టారు. కుటుంబ న్యాయస్థానంలో కొత్త కేసులు పడ్డాయి. కేసులు పెరిగాయంటే క్లేశం పెరిగినట్టే, క్లేశం పెరిగిందంటే విభాగం అవసరం రుజువైనట్టే. త్రిలోచనరావు గారికి ఇంకో జీపు వచ్చింది.

ఊరికి ఇదొక మోజయింది. రోడ్డుకడ్డంగా "దీర్ఘం లేని బాల్యం, దీర్ఘకాల సౌభాగ్యం" అని బ్యానర్లు కట్టారు. విడాకుల ఊసే లేని ఇళ్ళలో కూడా పిల్లల్ని ఏమీ అడగడం మానేశారు. ఒక ప్రైవేటు బడివాళ్ళు "మా వద్ద మీ చిన్నారికి ఎట్టి ఎంపికా ఉండదు" అని కరపత్రాలు పంచితే సీట్లు నిండిపోయాయి. బస్సు కండక్టర్లు "ఎక్కేవాళ్ళా, దిగేవాళ్ళా" అనడం మానేసేసరికి, అందరూ ఎక్కి, అందరూ దిగి, బస్సులు ఖాళీగా వెళ్ళిపోయేవి. చీలిన జడ ఆడపిల్లలందరికీ ఫ్యాషనైంది. పేరంటాల్లో పెద్దమ్మలు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏమడగాలో తోచక, ఊరికే బుగ్గలు గిల్లి వదిలేస్తున్నారు.

సూరిబాబు ఇవేవీ పట్టించుకోలేదు. అతని కళ్ళు జానూ ప్లేటు మీదున్నాయి. ఇదివరకు అట్టు కనిపిస్తే అంచులు ముందు విరుచుకుని కరకరా నమిలేసే పిల్ల, ఇప్పుడు ఇడ్లీ ఒక ముక్క తిని, అట్టు ఒక ముక్క తిని, మళ్ళీ ఇడ్లీ ముక్క తీసుకుంటోంది. ముక్క పెద్దదైతే చిదిమి సరిచేస్తోంది. ఎక్కడా తేడా రానివ్వడం లేదు. పొట్ట నిండినా ఆపడం లేదు, ఎందుకంటే ఒకవైపు ఇంకా మిగిలే ఉంది.

ఒక ఆదివారం త్రిలోచనరావు గారు సమపాళ్ళ భారంతో బల్ల మీద తల వాల్చి గుర్రు పెడుతున్నారు. సూరిబాబు కూతురి పక్కన చేరాడు. నిజం చెప్పాలంటే అతను టిఫిన్ గురించి అడగడానికి చేరలేదు. నాలుగు రోజుల్లో కేసు ఆఖరి వాయిదా ఉంది. ఆ పాత ప్రశ్నే నాలిక చివర ఉంది.

"తల్లీ, నిన్నొకటి అడగనా?"

జానూ చేతిలో ముక్క ప్లేటులో పెట్టేసింది. తండ్రి మొహంలోకి చూసింది.

"ఒకటే అడుగు నాన్నా. రెండు అడక్కు."

సూరిబాబు ఆ ప్రశ్న మింగేశాడు. "మంచినీళ్ళు కావాలా అని" అన్నాడు. కావాలంది జానూ.

ఆఖరి వాయిదా రోజు హాలు కిక్కిరిసింది. అనసూయాదేవి గారు కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తల్లీ మంచిదే, తండ్రీ మంచివాడే, ఇలాంటి కేసులే కష్టం. పిల్లతో ఒక మాట మాట్లాడకుండా తేల్చలేమన్నారు.

త్రిలోచనరావు గారు లేచారు. "అమ్మగారు మన్నించవలెను. తమరు స్వయముగా సెలవిచ్చిన నిషేధము, తమరికిని వర్తించును."

"నేను అడగాలి కదండీ! చట్టమే పిల్ల మాట వినమంటోంది."

"వినుటకు అభ్యంతరము లేదు. అడుగుటకే."

"ఎవరి దగ్గర ఉంటావమ్మా అంటాను. అందులో జంట దీర్ఘం లేదుగా?"

"గుప్తముగా గలదు. 'ఎవరు' అను పదమును విప్పిన, లోపల ఇద్దరుందురు." ఆయన చంకలోంచి ఒక పటం తీసి విప్పారు. "విభాగము ప్రత్యామ్నాయ విధానమును రూపొందించినది. బాలికను హాలు నడుమ నిలుపుదము. ఎవరి దిక్కుగా నడచునో చూతము. ఐతే ఎదురెదురుగా తల్లిదండ్రులను నిలుపుట పాదముల ద్వారా ప్రశ్నించుటయే యగును. కావున ఉభయులను ఒకే దిక్కున, ఒకే బెంచీపై కూర్చుండబెట్టవలెను."

జడ్జి గారు అలసిపోయి సరేనన్నారు. సూరిబాబునీ భవానినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. బెంచీ చిన్నది, ఇద్దరూ అంచుల్లో వేలాడారు. జానూని నడుమ నిలబెట్టి వదలగానే పరుగున వెళ్ళి మధ్యలో దూరి కూర్చుంది. హాల్లో నాలుగైదు ముక్కులు చీదిన చప్పుడైంది. త్రిలోచనరావు గారు పటం మీద రాసుకుంటూ పైకే చదివారు: "ఫలితము తేలలేదు. మరల నిర్వహించవలెను."

మరల నిర్వహించారు. అదే జరిగింది. మూడోసారి బెంచీ మార్చి చూశారు.

ఇంతలో జడ్జి గారికి టీ వచ్చింది, పక్కన ప్లేటులో బిస్కెట్లు. అటూ ఇటూ పరిగెత్తి పిల్ల మొహం వాడిపోయింది. అనసూయాదేవి గారికి ప్రాణం ఉసూరుమంది. దగ్గరికి పిలిచి, ప్లేటు ముందుకు జరిపి, ఏ ఇంట్లోనైనా ఏ ఆడమనిషైనా అడిగేట్టే అడిగేశారు.

"ఉప్పు బిస్కెట్టు తింటావా అమ్మా, తీపిది తింటావా?"

ఈల మోగలేదు. కోర్టులోకి ఈలలు రానివ్వరు కనుక దాన్ని బంట్రోతు గుమ్మం దగ్గరే తీసుకున్నాడు. త్రిలోచనరావు గారి చెయ్యి మెడ దగ్గర తడుముకుంటూ ఉండిపోయింది.

జానూ ప్లేటు వైపు చూసింది. తర్వాత బెంచీ వైపు చూసింది. బెంచీకి ఆ చివర ఉన్న అమ్మనీ, ఈ చివర ఉన్న నాన్ననీ చూసింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఇద్దరూ" అంది.

ఎవరూ నవ్వలేదు. భవాని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సూరిబాబు తల దించుకుని తన చేతుల్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

త్రిలోచనరావు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "అమ్మగారి దృష్టికి. బాలిక సమాధానమున వ్యాకరణ దోషము గలదు. బిస్కెట్లు మనుష్యులు కారు గనుక, 'రెండును' అని ఉండవలెను."

"కూర్చోండి త్రిలోచనరావు గారూ" అన్నారు అనసూయాదేవి గారు. ఆయన కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత రెండు బిస్కెట్లూ పిల్ల చేతుల్లో పెట్టి, బెంచీ వైపు తిరిగారు.

"ఇంక ఈ పిల్లని అడగాల్సిందేమీ లేదు. ఎవరికిమ్మంటారో మీరిద్దరూ ఒకర్నొకరు అడగండి. వరండాలో కూర్చుని ఏదో ఒకటి అనుకుని రండి. రాసిమ్మంటే నేను రాసిస్తాను. కానీ నేను రాసేదానికన్నా మీరు అనుకునేదే పిల్లకి మంచిది."

వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. సూరిబాబే మొదలెట్టాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో చూస్తేనే తెలుస్తోంది.

"బడి నీ ఇంటికే దగ్గర. బడి రోజులు నీ దగ్గరే ఉండనీ."

భవాని తల తిప్పి చూసింది. ఏడాదిలో అతని నోట ఇలాంటి మాట వస్తుందని ఆవిడ అనుకోలేదు.

"శనివారం బడి వదలగానే మీరొచ్చి తీసుకెళ్ళండి. సోమారం పొద్దున్న దింపండి. ఎండాకాలం సెలవులు మీ దగ్గరే. పెళ్ళిళ్ళ రోజులు, కొట్లో నాకు ఊపిరాడదు."

"సరే."

"జ్వరమొస్తే మాత్రం, ఎవరింట్లో ఉన్నా రెండోవాళ్ళు రావాలి."

"వస్తాను. నువ్వూ రా."

ఏడాది కోర్టులో తెగనిది వరండాలో తెగింది. ఒకరి మీద ఒకరికి కోపాలు పోలేదు, పోతాయని ఎవరూ అనుకోలేదు కూడా. ఆ కోపాలకి వేరే చోటు చూసుకోవాలని మాత్రం ఇద్దరికీ తెలిసింది.

అప్పుడు చూశాడు సూరిబాబు. జానూ ఇంకా బిస్కెట్లు కొరకలేదు. చెరో చేతిలో ఒకటి పట్టుకుని, సరిగ్గా ఒకే ఎత్తులో ఉంచి, బిగుసుకుని కూర్చుంది. చెమటకి అంచులు మెత్తబడుతున్నాయి.

"తినమ్మా."

"ముందు ఏది తినాలి?"

భవాని ఏదో అనబోయి ఆగింది. సూరిబాబు కూతురి నెత్తి మీద చెయ్యి వేశాడు.

"నీ ఇష్టం తల్లీ. ఏది తిన్నా మాకేం కాదు. నీకేది తినాలనుంటే అది తిను, రెండోది పారేసినా సరే."

జానూ ఇద్దరి మొహాలూ వెతికింది. చాలాసేపు వెతికింది. తర్వాత ఉప్పు బిస్కెట్టు మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకుని కరకరా నమలడం మొదలెట్టింది. తీపిది పక్కన బల్ల మీద పెట్టేసింది.

ఉప్పు ఎవరు, తీపి ఎవరు? సూరిబాబు బుర్ర ఆ క్షణంలోనే లెక్క మొదలెట్టింది. తలెత్తి చూస్తే భవాని మొహంలోనూ అదే లెక్క నడుస్తోంది. కళ్ళు కళ్ళు కలిశాయి. ఇద్దరూ సిగ్గుపడి చూపులు తిప్పుకున్నారు.

ఉప్పుదే ఎందుకు తిన్నావని పిల్లని ఎవరూ అడగలేదు.